వ్యాపారం, ఇల్లు, నమాజు: జనం మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

ముందే చెప్పేస్తాను, నేను ముఫ్తీని (మత విషయాల్లో తీర్పు చెప్పే పండితుణ్ణి) కాను, ఫత్వాలిచ్చేవాణ్ణి అసలే కాను. నమాజయ్యాక పక్కన కూర్చుని జనం అడిగేవి, వాటికి ఉలమా (మత పండితుల) దగ్గర నేను విన్నవి, చదివినవి ఇక్కడ రాశాను. ఇన్నేళ్ళుగా వింటుంటే నాకు ఒకటి తెలిసొచ్చింది. మనం ఎక్కువ టెన్షన్ పడేది వుజూ (నమాజుకి ముందు కడుక్కునే శుద్ధి) ఉందా పోయిందా, చదివింది మూడు రకాతులా (నమాజులో విడతలా) నాలుగా అనే వాటి గురించి. వాటిలో దీన్ (మన ధర్మం) ఎప్పుడో తేలిక చేసేసింది. భయపడాల్సిన చోట, అంటే అవతలివాడి డబ్బు, జీతం, వాటా, పరువు దగ్గర మాత్రం "చూద్దాంలే" అంటాం. అల్లాహ్ హక్కులో లోటు చేస్తే తౌబా (పశ్చాత్తాపం) ఉంది. మనిషి హక్కులో చేస్తే తౌబా ఒక్కటే చాలదు, ఆ మనిషికి తిరిగివ్వాలి, లేదా అతను మాఫీ చెయ్యాలి. అల్లాహ్ మార్గంలో ప్రాణం ఇచ్చిన షహీద్‌కి కూడా అన్నీ క్షమిస్తారు, అప్పు తప్ప అని సహీహ్ ముస్లిం అనే సంకలనంలో హదీసు (ప్రవక్త మాట) ఉంది. అందుకే ఇక్కడ డబ్బు ప్రశ్నలకు జవాబులు పొడుగ్గా ఉంటాయి, నమాజు ప్రశ్నలకు చాలావరకు పొట్టిగా ఉంటాయి.

వస్తువులో లోపం ఉంది. కొనేవాడు అడగలేదు. నేనే చెప్పాలా?

చెప్పాలి. అడిగితేనే చెప్తాను అనేది వ్యాపారంలో చెల్లదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) బజారులో ఒక ధాన్యం రాశి దగ్గర ఆగి లోపలికి చెయ్యి పెడితే వేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే వాన తడిపిందన్నాడు అమ్మేవాడు. మరి జనానికి కనబడేలా తడిసింది పైన ఎందుకు పెట్టలేదు, మోసం చేసేవాడు నావాడు కాడు అన్నారు ఆయన. గమనించండి, అతను అబద్ధం ఆడలేదు, ఎవరూ అడగలేదు కూడా. పొడి గింజలు పైన, తడి గింజలు కింద పెట్టాడు, అంతే.

నా సంగతి ఒకటి చెప్తాను. పాత ఫోను అమ్మకానికి పెట్టాను. ఛార్జింగ్ పిన్ను కొంచెం వదులు, కేబుల్‌ని ఎడమ వైపుకి నొక్కి పట్టుకుంటేనే ఎక్కుతుంది. కొనడానికొచ్చిన కుర్రాడు ఛార్జింగ్ చూపించమంటే, నేను కేబుల్ పెట్టి, బొటనవేలితో అలా నొక్కి పట్టుకుని "చూడు, ఎక్కుతోంది" అన్నాను. నోటితో ఒక్క అబద్ధం లేదు. అబద్ధం ఆడింది బొటనవేలు. ఆ రాత్రి ఇషా నమాజులో ఆ వేలే కళ్ళముందు ఉంది. మర్నాడు ఫోన్ చేసి విషయం చెప్పి, కావాలంటే డబ్బు తీసుకుని ఫోను ఇచ్చెయ్యమన్నాను. అతను కొంత తగ్గించమన్నాడు, తగ్గించాను. లోపం దాచి అమ్మితే షరీఅత్ ప్రకారం కొన్నవాడికి వెనక్కిచ్చే హక్కు ఉంటుంది, నేను దయ చేసిందేమీ లేదు.

అమ్మేవాడూ కొనేవాడూ నిజం చెప్పి, ఉన్నది బయటపెడితే ఆ బేరంలో బర్కత్ (అల్లాహ్ దీవెన) ఉంటుంది, దాచి అబద్ధమాడితే బర్కత్ తుడిచిపెట్టుకుపోతుంది అని బుఖారీ, ముస్లిం హదీసు సంకలనాలు రెండిటిలోనూ ఉంది. "వల్లాహి, నాకే అంత పడింది" అని ఒట్లేసి అమ్మేవాళ్ళకీ ఇదే మాట: ఒట్టు సరుకును కదిలిస్తుంది, బర్కత్‌ని తీసుకుపోతుంది.

లాభం ఎంత శాతం దాటితే హరామ్?

అలాంటి శాతం ఏదీ లేదు. ఉర్వా అల్ బారికీ అనే సహాబీకి (ప్రవక్త అనుచరుడికి) దైవప్రవక్త (స) ఒక దీనారు ఇచ్చి గొర్రె కొనుక్కురమ్మంటే, ఆయన దానితో రెండు కొని, ఒకటి దీనారుకి అమ్మి, గొర్రెనీ దీనారునీ రెండూ తెచ్చి ఇచ్చారు. అంటే నూటికి నూరు లాభం. దైవప్రవక్త (స) ఆయన వ్యాపారంలో బర్కత్ కోసం దుఆ చేశారు. ధరలు పెరిగినప్పుడు మీరే రేటు ఖాయం చెయ్యమని అడిగితే అలా చెయ్యడానికి ఒప్పుకోలేదు కూడా. హరామ్ అయ్యేది శాతం వల్ల కాదు, దాని వెనక ఉన్న పని వల్ల: జనానికి అవసరమైన సరుకు దాచిపెట్టి కొరత పుట్టించడం, రేటు తెలియని అమాయకుణ్ణి చూసి రెట్టింపు చెప్పడం. పసిపిల్లాడు వచ్చినా, బేరగాడు వచ్చినా రేటు ఒకటేనా కాదా అని మిమ్మల్ని మీరే అడిగి చూసుకోండి.

నగదుకి ఒక రేటు, వాయిదాకి కొంచెం ఎక్కువ రేటు. ఇది వడ్డీ కాదా?

కాదు, ఒక షరతు మీద. విడిపోయే ముందు ఏదో ఒక రేటు ఖాయం కావాలి. నగదుకు వంద, మూడు నెలల వాయిదాకు నూటపది అని చెప్పొచ్చు, కొనేవాడు "వాయిదాకే తీసుకుంటాను" అన్నాక ధర నూటపది, అక్కడితో ఆగిపోయింది. నాలుగు మద్‌హబుల్లోనూ (హనఫీ, మాలికీ, షాఫయీ, హంబలీ అనే ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో) అత్యధికులు దీన్ని ఒప్పుకున్నారు. ఏది తీసుకున్నాడో తేలకుండా "సరే, చూద్దాం" అని వెళ్ళిపోతే ఆ బేరం చెల్లదు.

ఇక వాయిదా దాటింది, కట్టలేదు. ఇప్పుడు నూటపదిని నూటపదిహేను చేస్తే అదే రిబా (వడ్డీ), ఏ సందేహమూ లేదు. ఇస్లాంకి ముందు అరబ్బులు చేసింది సరిగ్గా ఇదే, గడువు రాగానే "కడతావా, పెంచమంటావా" అనేవాళ్ళు. "రెండూ పెంచడమే కదా, తేడా ఏముంది" అని చాలామంది అంటారు. ఖుర్ఆన్ కూడా ఆ వాదనను అలాగే ఎత్తి చూపింది, వ్యాపారమూ వడ్డీ లాంటిదే కదా అని వాళ్ళు అన్నారని. దానికి జవాబు: అల్లాహ్ వ్యాపారాన్ని హలాల్ చేశాడు, వడ్డీని హరామ్ చేశాడు (2:275, అంటే ఖుర్ఆన్ రెండో సూరా, 275వ ఆయతు). మొదటి దాంట్లో వస్తువుకు ధర పెట్టారు, వస్తువు చెడిపోతే, అమ్ముడుపోకపోతే నష్టం మీది. రెండో దాంట్లో అప్పుకు ధర పెట్టారు, అవతలివాడి ఇబ్బందే మీ సరుకు.

అప్పు తీసుకున్నవాడు తప్పించుకు తిరుగుతున్నాడు. గట్టిగా అడిగితే పాపమా?

పాపం కాదు. ఒకతను తనకు రావాల్సింది దైవప్రవక్త (స) దగ్గరే కటువుగా అడిగితే సహాబాలు అతని మీదికి వెళ్ళబోయారు. ఆయన వాళ్ళని ఆపి, హక్కున్నవాడికి మాట్లాడే హక్కు ఉంటుందన్నారు. స్తోమత ఉండీ అప్పు తిప్పుకోవడం జులుం అని కూడా చెప్పారు. నిజంగా చేతిలో లేనివాడైతే మాత్రం కుదుటపడేదాకా గడువివ్వాలి, మాఫీ చేస్తే ఇంకా మేలు (2:280). కాబట్టి ముందు చూడాల్సింది మీ కోపం కాదు, అతని పరిస్థితి.

రాసుకోకుండా ఎందుకిచ్చారని నేను ఎవరినడిగినా "బావమరిదే కదా, కాగితం ఏం అడుగుతాం" అంటారు. ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయతు నమాజు గురించీ కాదు, హజ్ గురించీ కాదు, అప్పు రాసుకోవడం గురించి (2:282). చిన్నదైనా పెద్దదైనా గడువుతో సహా రాయడానికి విసుక్కోవద్దని అందులోనే ఉంది. రాసుకుంటే బంధుత్వం చెడుతుందంటారు, నేను చూసినంతలో రాసుకోనందుకే చెడింది. ఇంకోటి, రాని బాకీని మాఫీ చేసి జకాత్ (ఏటా ఇవ్వాల్సిన తప్పనిసరి దానం) కింద లెక్కేసుకుంటామంటారు కొందరు. ఎక్కువమంది ఉలమా అది కుదరదన్నారు, జకాత్ చేతికి ఇవ్వాలి.

సరుకు నా దగ్గర ఉండదు. ఆన్‌లైన్‌లో ఆర్డరు, డబ్బు తీసుకుని, తర్వాత హోల్‌సేల్‌లో కొని పంపిస్తాను. కుదురుతుందా?

ఇలాగే చేస్తే కుదరదు. హకీమ్ ఇబ్న్ హిజామ్ అనే సహాబీ అడిగింది ఇదే: జనం వచ్చి నా దగ్గర లేని వస్తువు అడుగుతారు, అమ్మేసి తర్వాత బజారులో కొని ఇవ్వొచ్చా అని. నీ దగ్గర లేనిది అమ్మొద్దు అన్నారు దైవప్రవక్త (స). కారణం అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. రేపు హోల్‌సేల్‌వాడు లేదంటే, రేటు పెంచితే, మధ్యలో ఇరుక్కునేది డబ్బు కట్టినవాడు.

దారులు మూడున్నాయి. ఒకటి, మీరు అమ్మేవాడు కాకుండా ఏజెంటుగా ఉండండి, సరుకు హోల్‌సేల్‌వాడిది, మీది ఇంత కమిషన్ అని ఇద్దరితో మాట్లాడుకోండి. రెండు, ఆర్డరును అమ్మకంగా కాక మాటగా మాత్రమే తీసుకుని, సరుకు మీ చేతికొచ్చాక అమ్మకం ఖాయం చెయ్యండి. మూడోది సలమ్. డబ్బు మొత్తం ముందే తీసుకుని, కొలత, తూకం, రకం, ఇచ్చే తేదీ అన్నీ తేల్చుకుని చేసే బేరం. మదీనా వాళ్ళు పంటల మీద ఏడాదికీ రెండేళ్ళకీ ఇలా చేసేవాళ్ళు, దైవప్రవక్త (స) ఈ షరతులు పెట్టి కొనసాగనిచ్చారు. "ఈ ఒక్క బండి", "ఫలానా చెట్టు కాపు" అని ప్రత్యేకంగా ఒకదాన్ని చూపించి సలమ్ చెయ్యడం కుదరదు, ఎక్కడైనా దొరికే రకం సరుకై ఉండాలి.

స్నేహితుడి వ్యాపారంలో డబ్బు పెట్టాను. లాభమొచ్చినా రాకపోయినా నెలకు ఇంత ఇస్తానన్నాడు.

అది భాగస్వామ్యం కాదు, పేరు మార్చుకున్న వడ్డీ. లాభంలో వాటా మాట్లాడుకోండి, సగం సగమో, అరవై నలభయ్యో మీ ఇష్టం. నష్టం మాత్రం పెట్టుబడిని బట్టే. డబ్బంతా మీది, కష్టం అతనిది అయితే, అతని నిర్లక్ష్యం లేకుండా నష్టం వస్తే మీ డబ్బు పోయింది, అతని శ్రమ పోయింది. "అసలు భద్రంగా ఉండాలి, లాభం కూడా రావాలి" అనుకునేవాడికి ఇది నచ్చదు, తెలుసు.

పోటీ దుకాణానికి చెడ్డ రివ్యూలు, మనకు మనమే మంచి రివ్యూలు రాయించుకోవడం?

కొనే ఉద్దేశం లేకుండా వేలంలో ధర పెంచడాన్ని నజష్ అంటారు, దైవప్రవక్త (స) నిషేధించారు. దొంగ రివ్యూ దాని కొత్త వేషం. పోటీవాడి మీద రాసింది నజష్‌తో ఆగదు, అబద్ధపు నింద కూడా.

ఖాతాలో వడ్డీ పడింది. ఏం చెయ్యాలి?

వాడుకోవద్దు, జకాత్‌లోకి జమ వేసుకోవద్దు. పుణ్యం వస్తుందన్న ఆశ లేకుండా, వదిలించుకునే ఉద్దేశంతో పేదలకు ఇచ్చెయ్యమని ఈ కాలపు ఉలమా ఎక్కువమంది చెప్తారు. ఖాతా పుస్తకంలో ఆ అంకెను ఎర్ర పెన్నుతో చుట్టేసుకుని ఏడాదికోసారి తీసేసేవాళ్ళు నాకు తెలుసు, మంచి పద్ధతి.

కానుకలు తీసుకుంటే లంచమా? నేను అడగలేదు, వాళ్ళే ఇచ్చారు.

జకాత్ వసూలుకు పంపిన ఇబ్నుల్ లుత్‌బియ్యా తిరిగొచ్చి, ఇది మీది, ఇది నాకు కానుకగా ఇచ్చారు అన్నాడు. దైవప్రవక్త (స) మింబర్ (మసీదులో ప్రసంగ వేదిక) ఎక్కి, తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఇతనికి ఆ కానుక వచ్చేదా అని అడిగారు. మీ కుర్చీని పక్కన పెట్టి ఆ ప్రశ్న వేసుకోండి, జవాబు మీకే తెలుస్తుంది. ఇక ఇచ్చేవాడి సంగతి: మీకు హక్కుగా రావాల్సిన పని ఆపేసి, వేరే దారే లేకుండా చేస్తే, ఆ గండం దాటడానికి ఇచ్చినదాని పాపం తీసుకున్నవాడిదే అని చాలామంది ఫకీహులు (ధర్మశాస్త్ర పండితులు) అన్నారు. కానీ "వేరే దారి లేదు" అని మనం చాలా తొందరగా అనేస్తుంటాం. వరస దాటుకోవడానికి, ఇంకొకరి హక్కు లాక్కోవడానికి ఇస్తే ఇద్దరూ పాపులే.

దుకాణానికి జకాత్ ఎలా లెక్కెయ్యాలి?

చాంద్రమాన సంవత్సరంలో ఒక తేదీ పెట్టుకోండి. ఆ రోజు అమ్మకానికున్న సరుకు మొత్తం (మీరు కొన్న రేటుకి కాదు, ఆ రోజు అమ్ముడుపోయే రేటుకి), చేతిలో ఉన్న డబ్బు, ఖాతాలోది, కచ్చితంగా వచ్చే బాకీలు కలపండి. వెంటనే కట్టాల్సిన అప్పులు తీసెయ్యండి. మిగిలింది నిసాబ్ (జకాత్ తప్పనిసరయ్యే కనీస మొత్తం) దాటితే నూటికి రెండున్నర. బీరువాలు, కుర్చీలు, తూకం మిషను, డెలివరీ బండి లెక్కలోకి రావు, అవి అమ్మేవి కావు. బంగారం నిసాబ్ 20 మిస్‌కాళ్ళు, అంటే సుమారు 85 గ్రాములు, కొందరి లెక్కలో 87.48. వెండి 200 దిర్హములు, 595 గ్రాములు, కొందరి లెక్కలో 612.36.

ఆడవాళ్ళు వేసుకునే నగల మీద హనఫీ ఫిఖ్‌హ్‌లో (ధర్మశాస్త్రంలో) జకాత్ ఉంది, మిగతా మూడు మద్‌హబుల్లో మామూలుగా వాడుకునే వాటి మీద లేదని ఎక్కువమంది అభిప్రాయం. మీరు నమాజుకి హనఫీలై, నగల దగ్గరికొచ్చేసరికి షాఫయీలు కాకండి. తల్లిదండ్రులకు, పిల్లలకు జకాత్ చెల్లదు, వాళ్ళని పోషించడం ఎలాగూ మీ బాధ్యతే. అవసరంలో ఉన్న తోబుట్టువులకు ఇవ్వొచ్చు, ఇస్తే సదఖా (దానం) పుణ్యమూ బంధుత్వ పుణ్యమూ రెండూ.

భార్య ఉద్యోగం చేస్తోంది. జీతం ఇంటి ఖర్చుకి ఇవ్వనంటోంది.

ఆమె జీతం ఆమెది. ఇంటి ఖర్చు, తిండి, బట్ట, ఉండే చోటు భర్త మీద, ఆమె ఎంత సంపాదించినా సరే. ఆమె ఇష్టపడి ఇస్తే సదఖా. మహరూ (పెళ్ళిలో భర్త భార్యకు ఇవ్వాల్సిన సొమ్ము) అంతే, అది ఆమె సొత్తు, ఆమె తండ్రిదీ కాదు, మీదీ కాదు. నికాహ్‌నామాలో (పెళ్ళి ఒప్పంద పత్రంలో) పెద్ద అంకె రాసి, అడగదులే అనుకుని ఏళ్ళ తరబడి ఇవ్వనివాడి మీద అది బాకీయే, చనిపోతే ఆస్తి పంపకానికి ముందు తీసి ఇవ్వాల్సిన అప్పు.

భర్త సంపన్నుడే, ఇంటికి సరిపడా ఇవ్వడు. చెప్పకుండా తీసుకుంటే దొంగతనమా?

హింద్ బిన్త్ ఉత్బా ఇదే అడిగారు, నా భర్త అబూ సుఫ్యాన్ పిసినారి, నాకూ నా పిల్లలకూ సరిపడా ఇవ్వడు, తెలియకుండా తీసుకుంటున్నాను అని. నీకూ నీ పిల్లలకూ మర్యాదగా సరిపడేంత తీసుకో అన్నారు దైవప్రవక్త (స). "సరిపడేంత" అన్న మాటను సాగదీయకండి, అందులో కొత్త ఫర్నిచర్ రాదు.

అమ్మ ఒకటంటుంది, భార్య ఒకటంటుంది. ఎవరి మాట వినాలి?

ఈ ప్రశ్నే తప్పు. ఇద్దరికీ వేర్వేరు హక్కులు, ఒకరి హక్కు తీసి ఇంకొకరికి ఇవ్వడానికి కుదరదు. అమ్మ ముందు "ఉఫ్" అని కూడా అనకూడదు (17:23), ఆమె సేవ మీ మీద ఉంది, దాన్ని భార్య మీద వేసేసి మీరు పుణ్యం రాసుకోవడం కాదు. అత్తమామలకు సేవ చెయ్యడం కోడలి ఔదార్యం, దానికి మీరు ఆమెకు కృతజ్ఞులై ఉండాలి. అలాగే విడిగా, తలుపు వేసుకోగలిగిన ఒక చోటు భార్య హక్కు. అమ్మ "ఆమెను వదిలెయ్" అంటే, భార్య తప్పేమీ లేనప్పుడు ఆ మాట వినాల్సిన పని లేదు, కానీ వినని సంగతి కూడా మెల్లగా, గొంతు లేపకుండా చెప్పాలి. తల్లిదండ్రులు షిర్క్ (అల్లాహ్‌కు సాటి కల్పించడం) చెయ్యమని బలవంతపెట్టినా సరే, ఆ మాట వినొద్దు గానీ లోకంలో వాళ్ళతో మంచిగా మెలుగు అంది ఖుర్ఆన్ (31:15). అంత పెద్ద విషయంలోనే మర్యాద తప్పొద్దన్నాక, వంటింటి తగాదాలో తప్పడానికి వీలేముంది?

నన్ను చూసుకునే కొడుకు పేరు మీద ఇల్లు రాసిద్దామనుకుంటున్నాను.

నూమాన్ ఇబ్న్ బషీర్ గారి తండ్రి ఆయనకొక కానుక ఇచ్చి దైవప్రవక్త (స)ను సాక్షిగా ఉండమన్నారు. నీ పిల్లలందరికీ ఇలాగే ఇచ్చావా అని అడిగారు ఆయన. లేదన్నారు. అయితే అల్లాహ్‌కు భయపడండి, పిల్లల మధ్య న్యాయంగా ఉండండి అన్నారు, ఆ తండ్రి కానుక వెనక్కి తీసుకున్నారు. జబ్బు, అప్పు, వైకల్యం లాంటి నిజమైన అవసరం ఉంటే తేడా చూపొచ్చని కొందరు ఉలమా చెప్పారు. అలాంటప్పుడు మిగతా పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పి ఇవ్వండి. మీరు పోయాక కాగితాల్లో బయటపడితే, వాళ్ళు ఇంటి కోసం ఏడవరు, "నాన్నకు మేమేమయ్యాం" అని ఏడుస్తారు.

చనిపోయాక వెళ్ళేలా వసీయత్ (వీలునామా) రాద్దామన్నా, వారసుడికి వసీయత్ లేదు, మిగతా వారసులంతా ఒప్పుకుంటే తప్ప. బయటివాళ్ళకి మూడో వంతు వరకే. సాద్ ఇబ్న్ అబీ వఖ్ఖాస్ గారికి ఒక్కతే కూతురు, ఆస్తి ఎక్కువ, మూడింట రెండొంతులు దానం చేస్తానంటే వద్దన్నారు, సగమంటే వద్దన్నారు, మూడో వంతు చాలు, అదీ ఎక్కువే అన్నారు దైవప్రవక్త (స).

చెల్లెలు తన వాటా వద్దంది. మేం అన్నదమ్ములం తీసుకోవచ్చా?

ఎలా వద్దంది? నాకు తెలిసిన ఒక ఇంట్లో నేను సాక్షిగా కూర్చున్నాను. కాగితం బల్ల మీద ఉంది, సంతకం పెట్టాల్సిన చోట ముందే పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టి ఉంది. అన్నలిద్దరూ ఆమె వైపు చూస్తున్నారు, వదిన తలుపు దగ్గర నిలబడింది. "నాకేం వద్దు భాయ్, మీరే ఉంచుకోండి" అంది ఆమె, చూపు మాత్రం ఆ పెన్సిల్ గుర్తు మీద ఉంది. రేపు పుట్టింటికి రావాలంటే ఈ గుమ్మమే తొక్కాలి కదా. అది ఇష్టమా, భయమా? నేను సంతకం పెట్టలేదు, లేచి వచ్చేశాను. వాళ్ళింటికి నన్ను మళ్ళీ పిలవలేదు.

ఉలమా చెప్పే పద్ధతి సులువైనది. ముందు ఆమె వాటా ఆమె పేరు మీద చేసి, చేతికివ్వండి. కొన్నాళ్ళయ్యాక, తన దగ్గరున్నదాన్ని తానే తెచ్చి ఇస్తే అది కానుక, తీసుకోండి. ఎంతమంది తెస్తారో చూద్దాం.

లెక్క కూడా చెప్తాను. ముందు అంత్యక్రియల ఖర్చు, తర్వాత అప్పులు, తర్వాత మూడో వంతు దాటని వసీయత్, ఆ తర్వాతే వారసులు. ఒకాయన పోయాడు, అమ్మానాన్నలు అంతకుముందే పోయారు, భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్ళు ఉన్నారు. ఆస్తిని 32 భాగాలు చేస్తే భార్యకు ఎనిమిదో వంతు అంటే 4, కొడుకుకి 14, కూతుళ్ళకు చెరో 7. కొడుకుకి రెట్టింపు ఎందుకంటే, భార్యాపిల్లల ఖర్చు అతని మీద ఉంది, కూతురు తన 7 నుంచి ఎవరికీ ఖర్చు పెట్టనక్కర్లేదు. ఆ 14 గట్టిగా గుర్తుంటుంది అందరికీ, ఈ 7 దగ్గరే మతిమరుపు. తక్కువో ఎక్కువో, ఆడవాళ్ళకు నిర్ణయమైన వాటా ఉందని 4:7లో ఉంది. కట్నం ఇచ్చాం, పెళ్ళి ఘనంగా చేశాం అంటే వాటా కొట్టుకుపోదు.

సంబంధం మాకు నచ్చింది, అమ్మాయికి నచ్చలేదు.

అయితే వద్దు. ఖన్సా బిన్త్ ఖిజామ్ గారికి ఇష్టం లేకుండా తండ్రి నికాహ్ చేస్తే, ఆవిడ వెళ్ళి చెప్పుకుంటే, దైవప్రవక్త (స) ఆ నికాహ్ రద్దు చేశారు.

ఇస్తిఖారా (మేలైన దారి చూపమని అల్లాహ్‌ను అడిగే నమాజు) చేశాను, కల రాలేదు.

కల రావాలని ఎక్కడా లేదు. రెండు రకాతులు, ఆ దుఆ, తర్వాత తెలిసినవాళ్ళతో సలహా, ఆపై అడుగు ముందుకు వెయ్యడం. పని సులువైతే ముందుకు, అడ్డం పడితే వెనక్కి. మీ బదులు ఇంకెవరో డబ్బు తీసుకుని కల కని చెప్తానంటే నమ్మకండి.

కోపంలో తలాఖ్ అనేశాను, మూడు సార్లు.

దీనికి ఇక్కడ జవాబు వెతక్కండి. ఒక్కసారే అన్న మూడూ మూడే అని నాలుగు మద్‌హబులు, ఒకటే అని ఇబ్న్ తైమియ్యా మొదలైన పండితులు. మతి లేనంత కోపమా, మామూలు కోపమా అనేదీ చూస్తారు. అన్న మాటలు అన్నట్టే కాగితం మీద రాసుకుని, ఈ రోజే ముఫ్తీ దగ్గరికి వెళ్ళండి, మీకు అనుకూలంగా మాటలు మార్చి చెప్పకండి. మీరున్న చోటి చట్టం ఏమంటుందో కూడా కనుక్కోండి.

ఉన్నమాటే కదా అన్నాను, గీబత్ (వెనకాల చెడు చెప్పుకోవడం) ఎలా అవుతుంది?

ఉన్నది అంటేనే గీబత్, లేనిది అంటే అపనింద. పెళ్ళి సంబంధానికి వివరాలు అడిగితే, వ్యాపారంలో కలవబోయేవాడి గురించి అడిగితే అవసరమైనంత చెప్పొచ్చు. అవసరమైనంత.

నమాజులో ఎన్ని రకాతులయ్యాయో గుర్తు రావట్లేదు.

తక్కువ అంకె పట్టుకుని పూర్తి చేసి, సజ్దా సహూ (మరపుకు పరిహారంగా చేసే సాష్టాంగాలు) చెయ్యండి. హనఫీ ఫిఖ్‌హ్‌లో ఇది తరచుగా జరిగేవాడికి మనసు ఎటు గట్టిగా మొగ్గితే అది, ఎటూ మొగ్గకపోతే తక్కువ అంకె. నమాజు అయిపోయాక వచ్చే అనుమానాన్ని పట్టించుకోకండి.

వుజూ పోయిందేమో అని ఎప్పుడూ అనుమానం.

శబ్దం వినబడితేనో, వాసన వస్తేనో తప్ప నమాజు వదలొద్దన్నారు దైవప్రవక్త (స). కచ్చితంగా తెలిసినదాన్ని అనుమానం చెరపలేదు. ఒకే చెయ్యి పదిసార్లు కడిగేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే, మూడుసార్లకి నల్లా కట్టెయ్యండి, మిగతా ఏడూ షైతాను కోసం. నెయిల్ పాలిష్ మాత్రం తీసెయ్యాలి, నీళ్ళు గోటికి తగలవు. గోరింటాకు రంగుతో ఇబ్బంది లేదు.

ఆఫీసులో నమాజుకి ఎంతసేపు తీసుకోవచ్చు?

ఫర్జ్ (తప్పనిసరి నమాజు), దానితో ఉన్న సున్నత్‌లకు (ప్రవక్త చదివిన అదనపు నమాజులకు) సరిపడా అడగండి. జీతమిచ్చేవాడి సమయంలో అరగంట నఫిల్ (ఇష్టపూర్వక నమాజు) చదివి, తస్బీహ్ తిప్పుతూ కూర్చుంటే అది అతని హక్కులోంచి తీసుకున్న ఇబాదత్. జుమా (శుక్రవారపు నమాజు) అజాన్ అయ్యాక మాత్రం బేరాలు ఆపాలి, నమాజయ్యాక మళ్ళీ వెళ్ళి సంపాదించుకోమని కూడా ఆ సూరాలోనే ఉంది (62:9, 10). ఆ జుమాకి వచ్చి ఎవరి గేటుకో అడ్డంగా బండి పెట్టి సజ్దాలో ఏడ్చేవాళ్ళ గురించి ఏం చెప్పాలో నాకు తెలియదు.

జమాత్ (సామూహిక నమాజు) మొదలైపోయింది, పరుగెత్తాలా?

వద్దు. నిదానంగా నడిచి, దొరికింది చదివి, పోయింది పూర్తి చేసుకోండి.

ప్రయాణంలో నమాజు?

సుమారు 80 కిలోమీటర్లు దాటే ప్రయాణంలో (మద్‌హబుల లెక్కల్లో కొంచెం తేడాలున్నాయి) నాలుగు రకాతుల ఫర్జ్ రెండవుతుంది. ఫజ్ర్, మగ్రిబ్ మారవు. ఒకే చోట 15 రోజులు ఉండే ఉద్దేశముంటే హనఫీల్లో పూర్తిగా చదవాలి, షాఫయీ, మాలికీల్లో నాలుగు రోజులకే.

రోజాలో (ఉపవాసంలో) మర్చిపోయి తినేశాను. మందుల సంగతి కూడా చెప్పండి.

మర్చిపోయి తింటే రోజా ఉంది, అల్లాహ్ తినిపించాడనుకుని కొనసాగించండి. కండరానికి వేసే మామూలు ఇంజెక్షన్‌తో పోదని ఎక్కువమంది అంటారు, బలానికి ఎక్కించే గ్లూకోజ్ విషయంలో భేదాభిప్రాయం ఉంది. ఇన్‌హేలర్‌తో పోతుందని హనఫీ ఉలమా ఎక్కువమంది, పోదని ఇంకొందరు. షుగర్ ఉన్నవాళ్ళు డాక్టరు వద్దంటే మొండిగా పట్టకండి, రోగికి సడలింపు ఇచ్చింది అల్లాహే (2:185). తర్వాత పెట్టుకోవచ్చు, ఇక ఎప్పటికీ చెయ్యలేని జబ్బయితే రోజుకొక పేదకు భోజనం.

పదేళ్ళ నమాజులు పోయాయి.

తౌబా చేసి, ఖజా (తప్పిపోయిన నమాజును తర్వాత చదవడం) మొదలుపెట్టండి, నాలుగు మద్‌హబుల్లో ఎక్కువమంది మాట ఇదే. ఒక్కో ఫర్జ్‌తో పాటు ఒక ఖజా చదువుతూ పోతే ఎన్నేళ్ళవి పోయాయో అన్నేళ్ళలో అయిపోతాయి.

ఎప్పుడో ఒకాయన్ని డబ్బు దగ్గర మోసం చేశాను. ఇప్పుడు ఆయన ఎక్కడున్నాడో తెలియదు.

నిజంగా వెతకండి. పాత నంబర్లు, పాత దుకాణం, అప్పట్లో ఇద్దరికీ తెలిసినవాళ్ళు. దొరికితే డబ్బు ఇచ్చెయ్యండి, మొహం చూపించలేకపోతే ఎవరి ద్వారానైనా పంపించొచ్చు, సంజాయిషీ రాయక్కర్లేదు, డబ్బు చేరాలి. ఆయన పోయి ఉంటే అది వారసులది. ఎంత వెతికినా దొరక్కపోతే ఆయన తరఫున అంత సదఖా చెయ్యండి, పుణ్యం ఆయనకు. తర్వాతెప్పుడైనా ఆయన ఎదురుపడితే జరిగింది చెప్పండి. ఆ సదఖా తనకే ఉండనీ అంటే సరే, కాదు నా డబ్బు నాకు కావాలి అంటే మళ్ళీ తీసి ఇవ్వాలి, అప్పుడు ఆ సదఖా మీ ఖాతాలోకి వస్తుంది.